గురువారం పరుగు

నా బజ్జీ వద్దన్నవాళ్ళు ఎమ్మిగనూరులో ఇంతవరకు పుట్టలేదు. గొప్పకు చెప్పడం లేదు. పొద్దున్నే గ్రౌండు గేటు పక్కన నా ఉగ్గాని బండి చుట్టూ చేరే జనాన్ని చూస్తే మీకే తెలుస్తుంది. అలాంటిది నా మేనకోడలు వసంత ఒకనాడు బజ్జీ కొరికి, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, ప్లేటు పక్కకు నెట్టేసింది. గడ్డం పట్టుకుని నోరు తెరిపించి చూశాను. నాలుక కింద, పెదవి లోపల తెల్లటి పుళ్ళు. గొంతు ఎర్రగా వాచి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచే ఇది?"

"తగ్గుతాండాదిలే అత్తా. సార్ పిలుస్తాండాడు" అని పరుగెత్తింది.

వసంత నా తమ్ముడు రంగన్న కూతురు. ఒక్కతే పిల్ల, పదహారేళ్ళు. రంగన్నది మగ్గం పని. నూలు కండెలు తెమ్మని పంపితే నడిచి తెచ్చిన పాపాన పోలేదు, చిన్నప్పటి నుంచీ పరుగే. ఇప్పుడు పదిహేనువందల మీటర్ల పరుగులో దానికి ఈ చుట్టుపక్కల ఎదురు లేదు. ఆదోనిలో జరిగే సెలెక్షన్లో మొదట వస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. చదువు, తిండి, కోచింగు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది కాబట్టి ఈ ఏడు తప్పితే ఇక లేదు. ఇంటిల్లిపాదీ ఆ సీటు మీదే ప్రాణాలు పెట్టుకున్నారు.

పరుగు నేర్పే ప్రేమ్ కుమార్ సార్ చెడ్డవాడు కాదు. పిల్లల బూట్లు తెగితే తనే కుట్టించి తెచ్చే మనిషి. కానీ ఆయనకు తెలిసిన మందు ఒక్కటే, ఇంకో రౌండు. పొద్దున పరుగు, సాయంత్రం పరుగు. వానాకాలంలో వసంతకు జలుబు పట్టుకుంది. జలుబు పోతే దగ్గు, దగ్గు పోతే జ్వరం. గ్రౌండులో మిగతా పిల్లలకూ అవన్నీ వచ్చాయి, పోయాయి. దీనికి మాత్రం వచ్చి తిష్ట వేశాయి. జ్వరంతో పోయిన రోజుల పరుగును కూడా సార్ మిగిలిన రోజుల్లో కలిపి చేయించాడు.

ఇక దాని తల్లి పద్మమ్మ. సీటు రావాలని మంత్రాలయం స్వామికి మొక్కి, కూతురి చేత గురువారాలు ఒక్కపొద్దు చేయించింది. పగలంతా పస్తు, రాత్రి దీపం పెట్టాక ఒక్క పూట తిండి. పిల్లకు జ్వరం వచ్చేసరికి మొక్కులో ఏదో లోపం జరిగిందని భయపడి, శనివారం కూడా కలిపింది. మళ్ళీ జ్వరం వస్తే ఇంకెంత భక్తి పెంచేదో ఆ తల్లి! ఒకరేమో పరుగు పెంచారు, ఒకరేమో తిండి తగ్గించారు. ఇద్దరిదీ ప్రేమే. నాకు మాత్రం కడుపు మండిపోయేది.

పోయి రంగన్నను నిలదీశాను. వాడు మగ్గం గుంటలోంచి తల కూడా ఎత్తలేదు.

"గంజి పట్టిచ్చిన నూలే గట్టిగా నిలబడేది అక్కా. కష్టపడనీ."

"నూలుకు పోసే గంజి పిల్లకూ పొయ్యరా మొదలు! దాని మొగం సూసినావా, పీక్కపోయింది."

"నీకు అన్నీ ఎగతాళే" అని వాడు పోగుల మధ్య నాడె విసిరాడు.

సెలెక్షన్ సరిగ్గా గురువారమే పడింది. "సామి దినమే వచ్చింది వదినా, సీటు మనదే" అని పద్మమ్మ ఒకటే సంబరం. ఆ రోజు నేను బండి తెరవలేదు. పరుగు అయ్యాకైనా పిల్ల నోట్లో పడుతుందని, కారం వెయ్యకుండా బొరుగులతో ఉగ్గాని చేసి క్యారియర్లో పెట్టుకుని తల్లీకూతుళ్ళతో ఆదోని బస్సెక్కాను.

బస్సులో వసంత నా భుజం మీద తల వాల్చింది. రవిక గుడ్డలోంచి వేడి తగిలింది. నుదుటి మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుంది.

"పద్మమ్మా! పిల్ల ఒళ్ళు కాలిపోతాంది, నీకు తెలుసునా?"

"మాత్ర ఏసినాను వదినా" అంది గొణుగుతూ. "పరుగు టయానికి సల్లబడతాది."

తెలిసే తీసుకొచ్చింది! కోపంతో నాకు ఒళ్ళు తెలియలేదు. ఆదోనిలో దిగీ దిగగానే, పిల్ల వద్దు వద్దంటున్నా వినకుండా, బస్టాండు దగ్గరే ఉన్న ఒక డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరినీ ఈడ్చుకుపోయాను.

ఆమె నాడి పట్టుకుంది, ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఏం తింటావు, ఎంతసేపు పడుకుంటావు, ఎంత పరుగెత్తుతావు అని అడిగింది. ఒక్కపొద్దుల మాట వినగానే కలం పక్కన పెట్టేసింది.

"పరుగు తప్పు కాదమ్మా. తిండి, నిద్ర సరిగ్గా ఉంటే పరుగు ఒంటికి బలమే. రోజూ ఒళ్ళు విరిగేలా పరుగెత్తించి, మధ్యలో విశ్రాంతి ఇవ్వకుండా, కడుపు మాడిస్తే, రోగంతో కొట్లాడే శక్తి పడిపోతుంది. అందుకే పిల్లకు జలుబులు, పుళ్ళు వదలడం లేదు."

"ఈ ఒక్క దినం పరుగెత్తి, రేపటి నుంచి పడుకుంటా మేడం" అంది వసంత.

"కూర్చున్నదానివి కూర్చున్నట్టే ఉన్నావు, నీ గుండె ఎంత జోరుగా కొట్టుకుంటోందో తెలుసా? జ్వరంలో పరుగెత్తితే కొందరికి గుండె కండరమే వాస్తుంది. ప్రాణం పోయినవాళ్ళూ ఉన్నారు. నేను పంపను."

పద్మమ్మ ముఖం పాలిపోయింది. వసంత మాత్రం తల వంచుకుని బూటు తాడు బిగించి కట్టుకుంటోంది. నేను అది చూసీ పట్టించుకోలేదు. మందుల షాపులో మేమిద్దరం మాత్రలు తీసుకుని వెనక్కి తిరిగేసరికి బయట బెంచీ మీద పిల్ల లేదు.

"అయ్యో సామీ!" అని పద్మమ్మ రోడ్డు మీదే అరిచింది.

ఆటో ఎక్కాం. పత్తి బస్తాల లారీలు అడ్డంగా నిలబడి దారి ఇవ్వవు. ఆటో అతన్ని నేను తిట్టని తిట్టు లేదు, పాపం. గ్రౌండుకు చేరేసరికి ఆడపిల్లలను గీత దగ్గర వరసగా నిలబెడుతున్నారు. వసంత రొమ్ము మీద నంబరు గుడ్డ. పెదాలు ఎండిపోయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ముందే వచ్చి కాచుకున్న ప్రేమ్ కుమార్ సార్ చొక్కా పట్టుకున్నాను. "నిలబెట్టు సార్ దాన్ని!"

"ఐదు నిమిషాల పని అక్కా. ఉత్త జలుబే కదా, సెమట పడితే పోతాది."

"ఆ ఐదు నిమిషాల్లో దాని గుండె ఆగిపోతే తెచ్చిస్తావా? డాక్టరమ్మ సెప్పింది!"

"గుండెనా?" అన్నాడు సార్. పరుగున పోయి, "వసంతా, బయటికి రా!" అని కేకేశాడు. అది తిరిగి చూడలేదు. నేను పిలిచాను. చూడలేదు. మూతి బిగించి ఎదురుగా చూస్తూ నిలబడింది. పిస్తోలు పట్టుకున్నాయన చెయ్యి పైకి లేపబోతున్నాడు.

అప్పుడు పద్మమ్మ నా సంచిలోంచి క్యారియరు లాక్కుంది. చెప్పులు అక్కడే వదిలేసి, నేరుగా గీత మీదికి నడిచింది. "ఏమ్మా, పక్కకు జరుగు!" అని విజిల్ వేస్తున్నా వినలేదు. కూతురి ఎదురుగా నిలబడి, గిన్నె మూత తీసి, పిడికెడు ఉగ్గాని దాని నోటి దగ్గర పెట్టింది.

"తిను."

వసంత బిత్తరపోయింది. "అమ్మా, ఈ పొద్దు గురువారం."

"తెలుసు. తిను."

"వారం సెడిపోతాది కదమ్మా. సీటు..."

"సెడనీ! నీ వారాలన్నీ నా మీద ఏసుకుంటా. సామికి నేను సెప్పుకుంటా. నాకు సీటు వద్దు పాపా, నువ్వు కావల్ల."

డాక్టరమ్మ మాట, సార్ మాట, నా మాట వినని పిల్ల, నోరు తెరిచింది. ఆ మొక్కుతోనే సీటు వస్తుందని నమ్మిన పిల్ల అది, మొక్కు పెట్టిన తల్లే దాన్ని తెంపింది. ముద్ద లోపలికి పోగానే తల్లి మీదికి ఒరిగిపోయింది. సార్, నేను చెరో రెక్క పట్టుకుని పక్కకు తెచ్చాం. వెనకాల పిస్తోలు పేలింది.

మొదటి పిల్ల వచ్చేదాకా వసంత కళ్ళు ఆర్పలేదు. "నేనయితే ఎప్పుడో వచ్చేసుందును అత్తా" అని, తల్లి ఒళ్ళో మొహం పెట్టుకుని ఏడ్చింది. నిజమే, వచ్చేసేది. ఏం చెప్పి ఓదార్చను? నేనూ ఏడ్చాను.

సీటు హొళగుంద పిల్లకు పోయింది. మంచి పిల్ల, దాన్ని ఏమనగలం. వసంతకు జ్వరం పూర్తిగా వదలడానికి చాలా వారాలు పట్టింది. డాక్టరమ్మ సరే అన్నాకే మళ్ళీ గ్రౌండుకు వచ్చింది. సార్ ఇప్పుడు పిల్లలెవరైనా తుమ్మితే చాలు, ఇంటికి తరుముతున్నాడు. రంగన్న పొద్దున్నే గుడ్లు ఉడకబెట్టి తెచ్చి నా బండి మీద పెట్టిపోతున్నాడు, నా ముఖం చూడకుండా. పద్మమ్మ మాట తప్పలేదు, గురువారం, శనివారం తనే పస్తు.

మొన్న గురువారం వసంత మెల్లగా పరుగెత్తి వచ్చి నా బెంచీ మీద కూర్చుంది. పక్కన పద్మమ్మ. వేడి వేడి మిరపకాయ బజ్జీ ఇచ్చి, కొరికేదాకా దాని కళ్ళే చూశాను. నీళ్ళు తిరగలేదు. "మంట లేదత్తా" అని నవ్వింది. తర్వాత రెండోదాన్ని తుంచి, ఊది, తల్లి నోటి దగ్గర పెట్టింది.

"గురువారం కదే" అంది పద్మమ్మ.

"తెలుసు. తిను."

పద్మమ్మ దిక్కుతోచక నా వైపు చూసింది.

"నన్నెందుకు సూస్తావు తల్లీ?" అన్నాను. "పిల్ల సెయ్యి నొస్తాంది, నోరు తెరువు."