సుగుణ టీచర్ ఎవరి దిక్కు?

నిన్న కట్టంగూర్ నుంచి నల్గొండ వెళ్లే బస్సులో, పక్క సీట్లో ఒకామె మోకాళ్లకు నీలగిరి తైలం రాసుకుంది. ఆ వాసన తగలగానే సుగుణ టీచరే వచ్చి కూర్చుందనుకుని తిరిగి చూశాను కూడా, పిచ్చిదాన్ని! ఆమె కిందటేడే పోయింది. ఆమెను మీరు చూసి ఉండరు. నల్గొండలో బడి పంతులమ్మగా రిటైరై, హక్కుల సంఘం పని నెత్తికెత్తుకున్న మనిషి. ఎక్కడ ఎవరిని లాకప్పులో కొట్టారన్నా, ఏ ఊరు ఎవరిని వెలివేసిందన్నా, నొప్పి మోకాళ్లకు అదే తైలం రాసుకుని బస్సెక్కి పోయేది. డిగ్రీ చదివేటప్పుడు నేనూ ఆమె వెంట సంఘంలో తిరిగాను. ఆమె మంచిదో, ఉత్త మొండిదో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియడం లేదు.

సంఘంలో ఆమె పెట్టిన పద్ధతి ఒకటుండేది. ఏ ఊరికి విచారణకు వెళ్లినా, ఎవరి మనుషులను వాళ్లే అడగాలి. పోలీసు కొడుకును పోలీసుల దగ్గరికి పంపేది. ఏ కులం వాళ్లను ఆ కులం ఇళ్లకు పంపేది. "పరాయోళ్లను నిలదీసుడు ఎవలకన్న అస్తది. మనోళ్లను అడిగినంక చెప్పు హక్కుల ముచ్చట" అనేది. నా దాకా రానంతవరకు ఆ మాట నాకు భలే నచ్చేది.

తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు, మా బాపు మల్లయ్య మందలోంచి గొర్లు మాయమవడం మొదలైంది. మా ఇంటికి ఆ మందే ఆధారం. ఒకనాడు పొద్దున్నే పక్క ఊరి యాదగిరి మా పొట్టేలును ఆటోలో ఎక్కిస్తూ దొరికిపోయాడు. ఊరు ఊరంతా కరెంటు స్తంభానికి కట్టేసి కొట్టింది. నేను ఇల్లు చేరేసరికి అతను దవాఖానలో స్పృహ లేకుండా ఉన్నాడు. పారిపోతూ బండ మీద పడ్డాడని అందరిదీ ఒకటే మాట. పోలీసులూ అదే రాసుకున్నారు. అతని భార్య ఏడుస్తూ టీచర్ దగ్గరికి పోయిందట, మర్నాడే టీచర్ మా ఊళ్లో దిగింది.

"మీ బాపును నువ్వే అడగాలె" అంది నాతో.

"పోయినయి మా గొర్లు టీచర్! దొంగ దిక్కు మాట్లాడుతరా?"

"దొంగతనానికి కేసున్నది, జైలున్నది. సంపుడు ఏ చట్టంల ఉన్నది బిడ్డా? రేపు ఆడు సస్తే, బండనే సంపిందని రాసుకుంటరా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కోపంతోనే దొడ్లోకి వెళ్లాను. బాపు తల్లి చచ్చిన గొర్రెపిల్లకు పాలు పడుతున్నాడు.

"బాపూ, యాదగిరి పడ్డడా? కొట్టిన్రా?"

ఆయన తల ఎత్తలేదు. "కొట్టినం బిడ్డా. నేను గూడ కొట్టిన. వేరేటోళ్లు అడిగితే పడ్డడనే అందును. నువ్వడిగితివి, ఏం జెయ్యాలె?"

బాపు అన్నది అన్నట్టు టీచర్‌కు చెప్పాను, ఆమె అది రాసి ఠాణాలో ఇచ్చింది. యాదగిరి బతికాడు. అతని మీద దొంగతనం కేసు, బాపు మీదా మరికొందరి మీదా కొట్టిన కేసు. ఊళ్లో మాతో మాటలు బందయ్యాయి. "బిడ్డతోనే తండ్రిని పట్టిచ్చింది, దాని నోట్ల మన్నువడ" అని అమ్మ రోజూ టీచర్‌ను తిట్టేది. నేను అడ్డం చెప్పలేదు. నాకూ తిట్టాలనే ఉండేది.

కానీ బాపును ఠాణాకు తీసుకుపోయిన రోజు అందరికంటే ముందు వచ్చింది ఆమే. ఠాణా గుమ్మం ముందు బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుంది. "మల్లయ్య మీద చెయ్యి వడ్డదా, మీ మీద గూడ రాస్త సారూ" అని ఎస్సై మొహం మీదే చెప్పింది. బాపు మీద ఒక్క దెబ్బ పడలేదు. బెయిలొచ్చి ఇంటికొస్తుంటే బాపు అడిగాడు.

"నా మీద కేసు వెట్టిచ్చింది గామెనే. నన్ను ముట్టనియ్యకుంట కావలున్నది గామెనే. గామె ఎవల దిక్కు బిడ్డా?"

ఈ మాటే తర్వాత టీచర్‌ను అడిగాను. ఆమె మోకాలు నొక్కుకుంటూ, "నాకూ ఒక్కోపారి ఎరుకయితలేదే" అంది. అబ్బ, ఒళ్లు మండింది నాకు! పెద్ద మాట ఏదో చెబుతుందనుకున్నాను.

కేసు ఇన్నేళ్లు సాగి సాగి, వచ్చే వారం సాక్షులను పిలిచే దాకా వచ్చింది. బాపు ఒప్పుకున్న మాట విన్నది నేనే, అందుకే సాక్షిని కూడా నేనే. బాపును కోర్టుకు తీసుకెళ్లేదీ నేనే. నిన్న రాత్రి అన్నం తింటూ, "ఉన్నదే చెప్పు బిడ్డా, నా దిక్కు సూడకు, సూస్తే చెప్పలేవు" అన్నాడు. ఉన్నదే చెప్తాను. కానీ బోనెక్కే ముందు టీచర్ ఒక్కసారి కనిపిస్తే బాగుండు. నన్నెందుకిట్లా చేశావని నోరారా తిట్టి, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుందును.