మూడు జిల్లాలు చూసిన టికెట్

మహబూబాబాద్‌లో మాకు బట్టల దుకాణం ఉంది. పెళ్లయిన ఇన్నేళ్లకు, మొదటిసారి విమానంలో కాశీ వెళ్దామనుకున్నాం. టికెట్లు రాగానే మా ఆయన పేర్లు, బుకింగ్ నంబరుతో సహా ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టేశారు. మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి జిల్లాల్లో ఉన్న చుట్టాలంతా శుభాకాంక్షలు కురిపించారు. ఆయన ఒక్కొక్కరికీ దండం బొమ్మ పెడుతూ మురిసిపోయారు.

విమానాశ్రయంలో కౌంటరు దగ్గరి అమ్మాయి కంప్యూటర్ చూసి, “సార్, ఈ టికెట్లు నిన్ననే క్యాన్సిల్ అయినయి” అంది.

“నేను చెయ్యలే బిడ్డా!” అన్నారు మా ఆయన.

“పేరు, నంబరు తెలిస్తే ఎవరన్న చెయ్యొచ్చు సార్. ఎవరికన్న చూపించిండ్రా?”

ఆయన ఫోను మెల్లగా జేబులో పెట్టేసుకున్నారు.

“మూడు జిల్లాలకు చూపించిండమ్మా” అన్నాను నేను.

వెనక్కి వెళ్తే ఊళ్లో తలెత్తుకోలేమని, రిజర్వేషన్ లేకుండానే రైలెక్కి, జనంలో నలిగిపోతూ కాశీ చేరాం.

రద్దు చేసిందెవరో ఈనాటికీ తెలియదు. ఆ నంబరు చూసింది మాత్రం మాకు శుభం పలికినవాళ్లే. ఇప్పుడు పెళ్లిళ్లలో ఎవరైనా నవ్వుతూ, “విమానం ఎట్లుండె బావా?” అని పలకరిస్తే, మా ఆయన వాళ్ల ముఖంలోకే చూస్తూ ఉండిపోతారు.