మీ నాయిన ఒప్పుకోడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో 'వద్దు' అనే మాట అమ్మ తన సొంతంగా అనేది కాదు. అన్నీ మా నాన్న మీదుగా వచ్చేవి. జుట్టు కత్తిరించుకుంటానంటే "మీ నాయిన ఒప్పుకోడు." పక్కింటి అక్క పెళ్లికి ముందురోజే వెళ్తానన్నా అదే మాట. నాచారం కార్ఖానాలో షిఫ్టు దిగి, ఉప్పల్‌లోని మా రెండు గదుల ఇంటికి వచ్చి, గోడవైపు తిరిగి పడుకునే ఆ మనిషి ఇన్ని సంగతులు ఎప్పుడు ఆలోచించి ఎప్పుడు కాదన్నాడో నాకు అర్థమయ్యేది కాదు. ఆయన నా మీద ఒక్కనాడూ చెయ్యెత్తలేదు. అయినా ఆయనంటే నాకు హడల్, అమ్మంటే ప్రాణం.

ఏడో తరగతిలో నన్ను ఖోఖో జట్టులోకి తీసుకున్నారు. వరంగల్‌లో రెండు రోజుల పోటీలు. ఇంట్లో ఒప్పుకుంటున్నట్టు సోమవారానికల్లా సంతకం తేవాలన్నారు, లేకపోతే నా బదులు ఇంకో పిల్ల వెళ్తుంది. అమ్మ కాగితం చదవనైనా చదవకుండా ఆ పాత మాటే అంది. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

మా గల్లీలో పది ఇళ్ల సద్ది డబ్బాలు సైకిలుకు తగిలించుకుని ఒకాయన రోజూ కార్ఖానాకు తీసుకుపోయేవాడు. శనివారం ఒంటిపూట బడి. మలుపు దగ్గర ఆయనను ఆపి, మా డబ్బా మాత్రం ఇప్పించుకుని ఎండలో నాచారం దాకా నడిచాను. గేటు బయట నన్ను చూడగానే మా నాన్న ముఖం పాలిపోయింది. ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకున్నాడు పాపం. ఏమీ కాలేదని చెప్పి, గోడ నీడన డబ్బా విప్పి పెట్టి, దారంతా కూడగట్టుకున్న మాట అడిగేశాను.

"నన్ను వరంగల్ ఎందుకు పోవద్దన్నవ్ నాయినా?"

ఆయన చెయ్యి అన్నంలోనే ఆగింది. "అవ్, నేనే వద్దన్న" అన్నాడు. రెండు ముద్దలు తిన్నాడు. తర్వాత మెల్లగా, "ఇంతకు వరంగల్ల ఏమున్నది బిడ్డా?" అని అడిగాడు.

ఆయనకు ఏమీ తెలియదు. అమ్మ అడగనే లేదు. ఇన్నేళ్ల 'వద్దు'ల్లో ఎన్ని ఆయనవో ఆ క్షణంలో లెక్క తప్పిపోయింది. నాకు ఒళ్లు మండి, అమ్మ అబద్ధాలకోరు అన్నాను. ఆయన నన్ను గద్దించింది అప్పుడే.

"గట్లనకు. నిన్ను బయటికి తోలాలంటే మీ అమ్మకు భయం. తనే వద్దంటే నువ్వు అలుగుతవ్. పొద్దంత ఇంట్ల ఉండేది మీరిద్దరే. నా మీద అలిగితే ఏమైతది? నేను ఇంట్ల ఉండేదే జరసేపు."

అంటే ఆయనకు మొదటి నుంచీ తెలుసు. తెలిసే మోశాడు.

ఆ సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి, నేనెప్పుడూ వినని కరుకు గొంతుతో, దారిలో బడి సారు కలిసి చెప్పాడని, ఒక్కదాన్ని పంపేది లేదని, అమ్మ వెంట పోతేనే పొమ్మని అన్నాడు. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. అమ్మ పెద్ద చిక్కు తీరినట్టు ఊపిరి వదిలి, పూరీలకు పిండి కలపడానికి వెళ్లింది. వరంగల్‌లో మేం మొదటి ఆటలోనే ఓడిపోయాం. అమ్మ మాత్రం ఆ రెండు రోజులూ జట్టు మొత్తానికీ జడలు వేసి మస్తు సంబరపడింది.

మొన్న డిగ్రీ చదివే మా మనవరాలు కాలేజీ వాళ్లిచ్చిన కాగితం ఒకటి నింపుతోంది. అమ్మానాన్నల పెంపకం ఎలాంటిదో రాయాలట. డాడీ స్ట్రిక్టు, మమ్మీ ఫ్రెండు అని రాసింది. ఆ మధ్య తను స్నేహితులతో ఊరు వెళ్తానంటే ఇంట్లో వద్దన్నారు, ఆ మాట డాడీ తన నోటితో అన్నాడా అని అడిగాను. మమ్మీ చెప్పిందంది. అయితే ఒకసారి మీ డాడీకి అన్నం డబ్బా తీసుకుపో అన్నాను. "ఆయన ఆఫీసుల క్యాంటీన్ ఉంది నానమ్మా" అని నవ్వింది. ఎవరి గేటు దాకా వాళ్లే నడవాలి.

మా నాన్న పోయాక కూడా అమ్మ ఆ మాట మానలేదు. కంటి ఆపరేషన్‌కు దవాఖానాకు పోదాం రమ్మంటే, "మీ నాయిన ఉంటే ఒప్పుకునేటోడు కాదు" అంది. నాకు కోపం రాలేదు. ఆ మాట వెనక ఏముంటుందో నాకు నాచారం గోడ నీడన తెలిసింది కదా.

"నాయిననడిగిన. నేను ఎంట ఉంటే పొమ్మన్నడు" అన్నాను.

అమ్మ లేచి, పెట్టెలోంచి ఉతికిన చీర తీసుకుంది.