గ్రూపు లేని రక్తం

మా అత్తగారు పోయారు. పోయిన వారం ఉదయం, నటేశన్ నగర్‌లో మా ఇంటి వసారాలో కూర్చుని కాఫీ తాగి, "ఈ పొద్దు డికాక్షన్ బాగుండాది" అన్నారు. నేను ఆఫీసుకి చేరానో లేదో మా ఆయన ఫోన్ చేశాడు. ఇంగ్లీషు పేపరు ఒళ్ళో పెట్టుకుని అలాగే కళ్ళు మూశారట. నా కాఫీని ఆవిడ మెచ్చుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఏడుస్తూ రాస్తున్నానని అనుకోకండి. ఏడుపు అయిపోయింది. ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వే ముందొస్తోంది.

మాది యానాం. పెళ్ళయి పుదుచ్చేరి వచ్చిన కొత్తలో నేను "అత్తయ్యగారూ" అంటే ఆవిడ విసుక్కునేవారు. "అయ్య ఏంది, గారు ఏంది? అత్తా అని పిలువు, సాలు." వాళ్ళది తరతరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కాని ఆవిడకి తెలుగు అక్షరాలు రావు. వారపత్రికలో కథలు నేను చదివి వినిపిస్తే, "ఆ పిల్లకు బుద్ధి యాడ పోయిందే, పావం!" అని కథలోవాళ్ళని తిట్టిపోసేవారు. ఇది కూడా ఆవిడకి చదివి వినిపిస్తే, సాగదీస్తా ఉండావు, ముగించు అనేవారు.

అక్షరాలు రాని మనిషి అంటే వేరే అనుకునేరు. ఆవిడ సైంటిస్టు. ఉద్యోగ జీవితమంతా హీమోగ్లోబిన్ ఆకారం మీదే పనిచేశారు. దాన్ని స్ఫటికాలుగా పెంచి, ఎక్స్-రేలు పంపి, లోపల ఏ పరమాణువు ఎక్కడుందో చూడటం ఆవిడ పని. ఆ స్ఫటికాలను "నా కెంపులు" అనేవారు. చెవులకి పెట్టుకునే కెంపులు మాత్రం ఒక్కటీ కొనుక్కోలేదు.

నేను కామర్స్ చదివినదాన్ని. నాకేం అర్థమవుతుంది? అయినా ఆవిడ వదలలేదు. ఒక పండక్కి ఇద్దరం మురుకులు చేస్తున్నాం. పిండితో నాలుగు చుట్లు చుట్టి, ఒకదానికొకటి ఆనించి నూనెలో వేశారు. అవి కాస్త వేగగానే రెండు జంటలుగా విడిపోయాయి.

"చూస్తివా? హీమోగ్లోబిన్ కూడా ఇట్లనే నాలుగు గొలుసులు. రక్తకణంలో ఉండేదాకా కలిసే ఉంటాయి. బయటికి తీస్తే జంటలుగా విడిపోయి కిడ్నీలో పడి దాన్ని పాడు చేస్తాయి."

మళ్ళీ నాలుగు చుట్లు చుట్టారు. ఈసారి ఒక చుట్టు చివరనీ, ఎదురుగా ఉన్న చుట్టు మొదలునీ దగ్గరికి తెచ్చి, మధ్యలో ఆవగింజంత పిండి పెట్టి నొక్కారు. అవి విడిపోలేదు. రక్తానికి బదులుగా ఎక్కించడానికని, అచ్చం ఇలాగే రెండు గొలుసుల్ని కలిపి ఒకే పొడుగు గొలుసుగా, బ్యాక్టీరియా చేత చేయిస్తారట. మధ్యలో అతుకు గ్లైసిన్ అనే ఒకే ఒక్క చిన్న ముక్క. అలా కట్టిన హీమోగ్లోబిన్ సరిగ్గా కుదిరిందా లేదా అని చూసేది మా అత్తగారు.

"అంత కష్టం దేనికత్తా? రక్తం ఇచ్చేవాళ్ళు లేరా?" అన్నాను.

"గ్రూపు ఉండేది కణం తోలు మీద కదే. కణమే లేకుంటే గ్రూపు యాడిది? ఎవురికైనా ఎక్కించొచ్చు."

నేను తలూపి మురుకులు ఏరుకున్నాను. ఆ మాటతో నాకు పనిపడుతుందని అప్పుడు తెలియదు.

కడుపుతో ఉన్నప్పుడు మాయ కిందికి ఉందన్నారు. ఆపరేషన్ తప్పదు, రక్తం బాగా పోవచ్చు, సిద్ధంగా పెట్టుకోండి అన్నారు డాక్టరమ్మ. నాది 'ఓ' గ్రూపనే అందరం అనుకున్నాం. తీరా బ్లడ్ బ్యాంకులో కలిపి చూస్తే ఒక్క 'ఓ' రక్తమూ నాకు పడలేదు. మా అత్తగారు ఆ రిపోర్టు చూసి, "మీ అమ్మకు మీ నాయన ఏమవుతాడు?" అని అడిగారు.

"సొంత మేనమామ."

"సరి. అయితే అదే." ఆవిడ అనుకున్నట్టే నాది బాంబే గ్రూపని తేలింది. మేనరికాల్లో పుట్టినవాళ్ళకి వచ్చే అవకాశం ఎక్కువట. పైకి 'ఓ'లాగే కనబడుతుంది గాని, ఆ గ్రూపువాళ్ళకి ఆ గ్రూపు రక్తమే ఎక్కించాలి. వాళ్ళు దొరకడం చాలా అరుదు.

నాకు బిడ్డ మొహం చూడకుండానే పోతానని ఒకటే ఏడుపు. ఆవిడ చెయ్యి పట్టుకుని, "మీరు చేసే గ్రూపు లేని రక్తం ఉంది కదత్తా, అదే ఎక్కించండి" అన్నాను.

"అది ఇంకా మందు కాలేదు అమ్మణ్ణీ. యాడన్నా దొరికినా నీకు ఎక్కనీను. విడిపోకుండా కట్టినారు గాని, అది రక్తంలో ఒట్టిగా తిరిగితే నాళాలు బిగుసుకుంటాయి, బీపీ ఎగురుతుంది. దాన్ని ఆపడం మాకింకా రాలేదు." ఇంట్లో పంచదార అయిపోయిందన్నంత మామూలుగా చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. జీవితమంతా ఇంకేం చేసినట్టు అని మనసులో తిట్టుకున్నాను కూడా.

ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు. "ఒకే కడుపున పుట్టినోళ్ళకు ఉండే అవకాశం ఎక్కువ. మీ అన్న యాడ?"

మా అన్నయ్య ఇక్కడే, పుదుచ్చేరి మేట్టుపాళయంలో ఒక గోడౌన్‌లో పనిచేస్తాడు. బస్తాలు అవలీలగా ఎత్తుతాడు గాని సూదంటే వాడికి హడల్. ఆటో దిగిన అత్తగారిని చూసి, సంగతి విని, చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకున్నాడట.

"అయ్ బాబోయ్, నావల్ల కాదండీ అత్తయ్యగారూ! నొప్పెడద్దండీ!"

"నొస్తుంది. ఎర్రచీమ కుట్టినట్లు. అబద్ధం చెప్పను. రా."

పరీక్షలో వాడిదీ అదే గ్రూపని తేలింది. రక్తం ఇచ్చే రోజు వాడు మంచం మీద పడుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చేప వాసన వస్తే వీధి మారే మా అత్తగారు వాడి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "అబ్బాయ్, మీ ఊళ్ళో పులస అంటారే, ఏందది? ఎట్లా వండుతారు?" అని అడిగారు.

వాడికి పూనకం వచ్చింది. "పులసంటే మాటలాండీ! ముందు కుండుండాలండీ, కట్టెల పొయ్యుండాలండీ..." అని మొదలుపెట్టి, బెండకాయ ఎప్పుడు వెయ్యాలో, ఆ పులుసు మర్నాటికి ఎంత రుచిగా ఉంటుందో చెప్పుకుంటూ పోయాడు. సూది గుచ్చిన సంగతే పట్టించుకోలేదు. "లెగండి, అయిపోయింది" అని నర్సు అంటే, "ఇంకా పులుసు దించలేదండీ" అన్నాడట.

ఆపరేషన్ అయ్యాక నాకు మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి ఎండ పడుతోంది. రక్తం బాగా పోయిందని, ఎక్కిస్తున్నారని మా ఆయన చెప్పాడు. మా అత్తగారు గుడ్డలో చుట్టిన బిడ్డని భుజాన వేసుకుని మంచం పక్కన నిలబడి ఉన్నారు. బిడ్డనీ చూడట్లేదు, నన్నూ చూడట్లేదు. స్టాండుకి వేలాడుతున్న సంచీలోంచి ఒక్కో బొట్టే దిగడం చూస్తున్నారు. మొహం నిండా సంతోషం.

"ఏం చూస్తున్నారత్తా?"

"మేమందరం ఇన్నేండ్లుగా చేయాలని చూసింది ఇదే కదే. ఎంత బాగా పని చేస్తా ఉండాడో!" అన్నారు.

తర్వాత బిడ్డని భుజం మీంచి జాగ్రత్తగా దించి, తల కింద అరచెయ్యి పెట్టి, ఇంకా కళ్ళు విప్పని ఆ మొహాన్ని సంచీ వైపు తిప్పారు.

"అదో, చూడు కన్నా. మీ మామ."