మార్జిన్ వద్దన్న జాకెట్టు

కరోనా పోయిన రెండో ఏడు, ఎండాకాలం. మొయినాబాద్‌లో నా కుట్టు దుకాణానికి సురంగల్ ఊరి బాలమణి వచ్చింది. పెళ్లైన కొత్త నుంచి ఆమె జాకెట్లు కుట్టేది నేనే. తన పాత జాకెట్టొకటి నా ముందు పడేసింది.

"పెద్దమ్మా, గీ కొలతకే కుట్టు. మార్జిన్ వదలకు."

మార్జిన్ అంటే కుట్టు లోపల మడిచి వదిలే బట్ట. ఒళ్లు వస్తే విప్పి వదులు చేసుకోవడానికి.

"ఇది నీకెట్ల పడ్తది? ఊపిరాడదు."

"ఆడకుంటనే మంచిది. బుక్కెడు ఎక్కువ తింటే కుచ్చుకోవాలె. బరువు దిగితెనే హెర్నియా ఆపరేషన్ చేస్తనన్నడు డాక్టరు. నొప్పికి వంగొస్తలేదు. ఇంట్ల మా ఆయనేమో రోజూ నోరు కట్టుకో అంటుండు."

నాకు మొహమాటం తక్కువ. "ఆయన అన్నదాంట్ల తప్పేమున్నది? తింటున్నవు, పెరుగుతున్నవు" అనేసి, ఆమె అడిగినట్టే కుట్టి ఇచ్చాను.

ఇరవై రోజులకు, తను కాపలా పనిచేసే ప్లాట్ల వెంచర్ గేటు దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. రెండు రోజులుగా చాయ్ తప్ప ఏమీ ముట్టలేదట. చేవెళ్ల దవాఖానకు చూడబోయాను. ఆమెకు ఊపిరాడడం లేదని నర్సు కత్తెరతో కోసి తీసిన నా జాకెట్టు ముక్కలు మంచం కింద పడున్నాయి. తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి, ఆమె ఒళ్లు ఎప్పటినుంచి పెరిగిందో చూద్దామని పాత కొలతల రేకు డబ్బా దించాను. నాకు అక్షరాలొచ్చింది నలభై దాటాకే. అంతకుముందు కొలతలన్నీ దారాలే. మనిషికొక దారం, ఛాతీకొక ముడి, నడుముకొక ముడి, ఎవరిదో గుర్తుకు ఒక గుడ్డపీలిక. సురంగల్ దారాలు ఏరి, ఇప్పటి నోటుబుక్కు కొలతల పక్కన పెట్టి చూశాను. వెంచర్‌కు పొలం అమ్ముకున్న ఇళ్ల ఆడవాళ్లు ఏడుగురు. ఏడుగురికీ నడుము నాలుగు వేళ్లకు తక్కువ కాకుండా పెరిగింది. ఇప్పటికీ పాలకూర మళ్లలో కలుపు తీసే లక్ష్మమ్మ ఒక్కతే పాత ముడి దగ్గర ఉంది. ఆమె బాలమణి కంటే రెండు ముద్దలు ఎక్కువే తింటుంది. పెళ్లి బంతుల్లో ఆమె పక్కన కూర్చున్నదాన్ని, నాకు తెలియదా?

తెల్లారి ఆ దారాలు పట్టుకుని దవాఖానకు పోయాను. భర్త అంజయ్యది మళ్లీ అదే మాట.

"ఈమెకు నోరు అదుపుల లేదు పెద్దమ్మా."

"ఏడుగురు ఆడోళ్లకు ఒక్కపారే అదుపు తప్పిందా అంజయ్యా? పొలమున్నప్పుడు అందరు పొద్దంత వంగి లేసేటోళ్లు. ఇప్పుడు ఈమెను పన్నెండు గంటలు గేటుకాడ కుర్చీల కూసోవెట్టిన్రు. ఆడ బిస్కెట్ పాకెట్ తప్ప తిననీకి ఏం దొరుకుతది? ఏదీ, నీ నడుం సూపియ్యి, కొలుస్త."

అంజయ్య పొట్ట లోపలికి పీల్చుకున్నాడు.

"కొలువు పెద్దమ్మా, మార్జిన్ లేకుంట!" అని బాలమణి నవ్వింది.

వెంచర్ సూపర్‌వైజర్ దగ్గరికి నేనే పోయి కూర్చున్నాను. గొణుక్కుంటూనే ఆమెకు చెట్లకు నీళ్లు పెట్టే పని ఇచ్చాడు. గోడ వెంట తోటకూర, గోంగూర వేసుకోనిచ్చాడు. ఆమె మూడు పూటలూ తింది. ఎనిమిది నెలలకు డాక్టరు ఆపరేషన్ చేశాడు. నడుము పాత ముడి దాకా రాలేదు, రాదు కూడా. మూడు వేళ్లు తగ్గింది, ఆమెకు అది చాలింది.

నోరు కట్టుకోమనడానికి దమ్మిడీ ఖర్చు లేదు, అందుకే అందరమూ అంటాం. ఇప్పుడు బిగుతుగా కుట్టమని ఎవరొచ్చినా, టేపు తీసేముందు పొద్దంతా ఎక్కడ కూర్చుంటావని అడుగుతాను. వాళ్లు అడగకపోయినా రెండు వేళ్ల మార్జిన్ వదులుతాను.

గేటు దగ్గరి కుర్చీలో ఇప్పుడు బాలమణి తోటికోడలు కూర్చుంటోంది. మొన్న జాకెట్టుకు కొలిస్తే నడుము వేలెడు పెరిగింది. సూపర్‌వైజర్ దగ్గరికి మళ్లీ పోవాలి.