నీళ్లు మానేసిన వెయిట్‌లిఫ్టర్

1982 ఎండాకాలం. వరంగల్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో నేను క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మందులు రాసేది డాక్టర్లు. మనిషితో మాట్లాడి, అతని ఆలోచనల్లో, అలవాట్లలో ఎక్కడ చిక్కు పడిందో చూసేది మేము. ఆ తేడా ఊళ్లో చాలామందికి తెలియదు. మా గడప తొక్కితే పిచ్చి అనుకునేవారు. అందుకే ఆటగాళ్లెవరూ మా వైపు రారు. యాకూబ్‌ను కూడా ఎముకల డాక్టరుగారే పంపించారు, మణికట్టు ఎక్స్‌రేలో ఏమీ కనబడక.

యాకూబ్‌ది నెక్కొండ. పాతికేళ్లు దాటి ఉంటాయి. పగలు మిల్లులో పని, సాయంత్రం వ్యాయామశాలలో వెయిట్‌లిఫ్టింగ్. అతని బరువు తరగతిలో జిల్లాలో అతన్ని మించినవాడు లేడని పేరు. అలాంటివాడు కొన్ని నెలలుగా, ఇదివరకు ఒళ్లు వేడెక్కడానికి ఎత్తే బరువు దగ్గరే బార్ జారవిడుస్తున్నాడు. వెంట వచ్చిన కోచ్ సమ్మయ్య ఒక మాట చెప్పాడు.

"వీనికి బలం తగ్గలే మేడం. బార్ లేపేముందు గాలి నింపుకొని పొట్ట బిగబట్టాలె. వీడు సగంలనే దమ్ము వదులుతాండు. ఎందుకంటె చెప్పడు."

యాకూబ్ నేల చూస్తూ మణికట్టు నొప్పి అనే అన్నాడు. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. బయట నిప్పులు కురుస్తున్నాయి కదా అని కూజాలో నీళ్లిస్తే వద్దన్నాడు. రోజా ఉన్నారా అని అడిగాను. రంజాన్ ఇంకా రాలేదన్నాడు.

మూడోసారి ఒంటరిగా వచ్చాడు. నీళ్లు తాగడం ఎప్పటినుంచి తగ్గించారని అడిగేసరికి లేచి తలుపు దాకా వెళ్లాడు. వెళ్లిపోతాడనుకున్నాను. తలుపు పట్టుకునే అన్నాడు:

"మీరు ఆడమనిషి మేడం. మీ ముందట ఎట్ల చెప్పాలె?"

మగ డాక్టరు దగ్గరికి పంపనా అన్నాను. వద్దన్నాడు. మళ్లీ ఇంకొకరి దగ్గర మొదలుపెట్టే ధైర్యం తనకు లేదన్నాడు. నేను కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాను. నా వీపు వెనక నుంచి అతని గొంతు ఆగి ఆగి వచ్చింది.

ముందటి చలికాలంలో వరంగల్‌లోనే పోటీ. బార్‌ను భుజాల మీదికి తెచ్చి, తలమీదికి ఎత్తబోతుండగా మూత్రం పోయింది. ఆపుకోలేకపోయాడు. స్టేజి చెక్కలు తడిశాయి. ముందు వరసలో ఎవరో నవ్వారు. బార్ వదిలేసి వెనక్కి వెళ్లిపోయాడు. అప్పటినుంచి, ప్రాక్టీసు ఉందంటే ముందురోజు నుంచే నీళ్లు ముట్టడు. లంగోటీ మీద లంగోటీ కడతాడు. పొట్ట బిగిస్తే మళ్లీ అవుతుందని దమ్ము వదిలేస్తాడు.

"నమాజ్ గూడ బంద్ జేసిన మేడం. నేను పాక్‌గ, అంటే శుద్ధంగ, ఉన్ననో లేనో నాకే నమ్మకం లేదు. మా అబ్బా నేను తాగుడు మొదలువెట్టిననుకుంటాండు, మాట్లాడుతలేడు. అనుకోనీ. తాగుబోతోడన్నా మంచిదే గని గిది తెల్వద్దు."

ఏ మాటతో మొదలుపెట్టాలో వెతుక్కున్నాను. చిన్నపిల్లలతో వాడే మాటకూ, వీధిలో వాడే మోటు మాటకూ మధ్య, పెద్ద మనిషితో ఈ సంగతి మాట్లాడే మాట మన నోటికి అలవాటే లేదు. అది నాకు ఆ రోజే తెలిసింది.

ముందు సర్జన్‌కు చూపించాం. జబ్బేమీ లేదన్నారు. పెద్ద బరువు ఎత్తేటప్పుడు కడుపులో ఒత్తిడి పెరిగి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ ఇలా అవుతుందని, నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మంట పెట్టి ఇంకా తొందర చేస్తుందని విడమరచి చెప్పారు. ఆ తర్వాత నా పని. మేం గ్రేడెడ్ ఎక్స్‌పోజర్ అంటాం, అంటే భయపడేదాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కోవడం. నీళ్లు తాగి తేలిక బరువు ఎత్తాలి. ఆ తర్వాత కొంచెం పెద్దది. మనసు పొత్తికడుపు మీద కాక ఊపిరి మీద, పాదాల మీద నిలపాలి. ఒంటరిగా ఉన్నప్పుడు పాత బరువులు తిరిగి ఎత్తసాగాడు. సమ్మయ్య వచ్చి పక్కన నిలబడితే మాత్రం దమ్ము పోతోంది.

కారణం అడిగితే, ఆ రోజు నుంచి సమ్మయ్య సార్ ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదని చెప్పాడు. సార్‌కు తన మీద అంత అసహ్యం పుట్టిందని అతని నమ్మకం. పేషెంటు చెప్పింది బయటపెట్టకూడదన్నది మా నియమం, కాబట్టి నేను సమ్మయ్యను అడగలేను. మీరే అడగండి అన్నాను. వానలు మొదలయ్యాక గానీ యాకూబ్ సిద్ధపడలేదు. అదీ నా గదిలోనే, నన్ను పక్కన ఉండమని.

సమ్మయ్య అంతా విన్నాడు.

"ఆ దినం స్టేజి తుడిచింది నేనే గదరా, నా తువ్వాలతోని. అడిగితె నువ్వు సిగ్గుపడ్తవని అడగలే."

"నువ్వు అడగకపోతె, నా మొహం చూడబుద్ధి గాట్లేదనుకున్న సార్."

సమ్మయ్య తల వంచుకున్నాడు. యాకూబ్‌కంటే అతనే ఎక్కువ సిగ్గుపడినట్టు కనిపించాడు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నోరు మూసుకుని అన్ని నెలలు గడిపారు.

ఆ తర్వాత యాకూబ్ తనంతట తానే, ఎవరూ గుర్తుపట్టని హనుమకొండ మసీదుకు పోయి మౌల్వీ సాబ్‌ను అడిగాడట. ఆయన ఆశ్చర్యపోలేదట. కడుక్కుని, బట్ట మార్చుకుని, ఎప్పటిలా ముఖం, కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసి నమాజ్ చదువు, ఇది జనం అడిగే సంగతే అన్నారట. "అడిగే సంగతే" అన్న మాటను యాకూబ్ నాకు రెండుసార్లు చెప్పాడు.

చలికాలంలో మళ్లీ పోటీ. నేనూ వెళ్లాను. చివరి ప్రయత్నంలో అతను దమ్ము నింపుకుని, పొట్ట బిగించి, బార్ భుజాల మీదికి తెచ్చి తలమీదికి ఎత్తాడు. అప్పుడే మళ్లీ అయింది. తొడ మీదుగా తడి దిగడం నాకు కనబడింది. యాకూబ్ కదలలేదు. రిఫరీ "డౌన్" అనేదాకా బార్ పైనే ఉంచాడు.

మూడో స్థానం వచ్చింది. దిగివచ్చి నన్ను అడిగాడు.

"చూశిన్రా మేడం?"

"చూశాను."

"జనం గూడ చూశిన్రా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. కొంతమంది చూసే ఉంటారన్నాను. ముఖం ఎర్రబడింది. "సరే, కడుక్కొనొస్త," అని నల్లా వైపు నడిచాడు. తండ్రితో ఏం మాట్లాడాడో నేను అడగలేదు. శుక్రవారం జుమ్మా నమాజుకు ఇద్దరం కలిసి పోతున్నాం అని మాత్రం తర్వాత చెప్పాడు.

అతనికి మళ్లీ అలా కాకుండా చేయడమే వైద్యం అనుకుని మొదలుపెట్టాను. కానీ అతనికి కావలసింది, అలా అయినా సరే ఎత్తగలగడం. సిగ్గు పోలేదు, దాంతోపాటే నిలబడ్డాడు. ఆ తర్వాత మా దగ్గరికి వచ్చిన ఏ ఆటగాడి దగ్గరా, ఆటగత్తె దగ్గరా నేను మర్యాద పేరుతో మౌనంగా ఉండలేదు. నెలసరి సంగతైనా, మూత్రం సంగతైనా, మామూలు గొంతుతో ముందు నేనే అడిగేదాన్ని. చాలామంది తలెత్తి నా ముఖం చూసేది అప్పుడే.