బొమ్మల పుస్తకంలో ఓడిన ముసలాయన

సిరిసిల్లలో సాంచెలు నడిపేవాళ్లం పెదవులు చూసి మాట్లాడుకుంటాం. ఆ మరమగ్గాల మోతలో మరో దారి లేదు. నా పక్క సాంచెల మీద పనిచేసే భానుప్రసాద్ ఈ విద్యలో మొనగాడు. షెడ్డు ఆ చివర మాకు పనిచ్చే ఆసామి ఎవరినో తిడుతుంటే, ఈ చివర మాకు పొల్లు పోకుండా అప్పజెప్పేవాడు.

ఆ విద్యతోనే ఇంట్లో కూడా నెట్టుకొస్తున్నాడని నాకొక్కడికే తెలుసు. మోతకు అతని చెవులు రెండూ దాదాపు పోయాయి. కరీంనగర్‌లో డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. నరం దెబ్బతిన్నది, పోయింది తిరిగి రాదు, చెవి మిషను పెట్టినా అంతంతమాత్రమే అన్నాడాయన.

"ఇంట్ల చెప్పకు అన్నా" అన్నాడు భాను, బస్సులో.

నాకు ఒళ్లు మండింది. దాచి ఏం బాగుపడతావని అడిగాను.

"మా బాపుకు గిట్లనే అయింది. గట్టిగ చెప్పుడు ఎవలకు ఓపిక? ఆఖరికి చెయ్యి నోటికాడ పెట్టి, తింటవా అని చూపెట్టుడే మిగిలింది. ఇంకో ముచ్చట లేదు. మా నిఖిత నాతోని మాట్లాడుడు బంద్ చేస్తే నేనుండలేను."

నిఖిత అతని ఒక్కగానొక్క కూతురు, తొమ్మిదో తరగతి. ఆ మధ్య స్నేహితురాలి దగ్గర్నుంచి ఒక జపాన్ బొమ్మల కథ తెచ్చి జిరాక్స్ తీయించుకుంది. ఒక చిన్న పిల్ల, పేకాటలో పేరుమోసిన ఒక ముసలాయన, వాళ్లిద్దరి పోటీ. అంతా ఇంగ్లిష్. బాపు కోసం ప్రతి మాట పక్కనా పెన్సిల్‌తో తెలుగు రాసింది. భానుకు ఆ పుస్తకం ప్రాణమైంది. అందులో ఎవరి మాట వాళ్ల నోటి దగ్గరే రాసి ఉంటుంది మరి. షెడ్డులో నాకు ఆ కథంతా, ఎవరు ఏ పేకముక్క, మా మాటలో పత్త, వేశారో సహా పెదవులతోనే చెప్పాడు.

ఆ కథే తెలుగు మాటలతో టీవీలో కార్టూనుగా వచ్చింది. ఆదివారం పొద్దున నన్నూ వాళ్లింటికి పిలిచారు. భాను ముందుకు జరిగి కూర్చున్నాడు. కానీ ఆ బొమ్మల నోళ్లు ఊరికే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. పెదవుల్లో తెలుగు లేదు. కాసేపటికి అతను టీవీ వదిలి మా మొహాలు చూడటం మొదలుపెట్టాడు. మేం నవ్వితే తనూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

అయిపోయాక నిఖిత పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. "ఏది మంచిగున్నది బాపు? పుస్తకమా, టీవీలదా?"

"పుస్తకమే. ముసలాయన ఆఖరి పత్త ఏసే ముంగట పేజీ మొత్తం ఖాళీగ ఇడిసిండ్రు సూడు, గక్కడ మనకు ఊపిరాడది. టీవీల గబగబ అయిపాయె" అన్నాడు.

అది నిజమే. అక్కడితో ఆగితే బాగుండేది. బిడ్డతో ముచ్చట పెట్టే సంతోషం అతన్ని ఆగనివ్వలేదు. "కానీ 'ఓడిపోయిన' అని ముసలాయన అన్నప్పుడు, రెండిట్ల గూడ నా పానం గిలగిల అయింది."

నిఖిత నవ్వు ఆగిపోయింది. ముసలాయన బల్ల మీద చెయ్యి పెట్టి తలెత్తే బొమ్మ రెండింటిలోనూ ఒకటే. టీవీలో మాటే మార్చారు.

"టీవీల ఓడిపోలేదు కద బాపు. నా దగ్గర ఇంకో పత్త ఉన్నదన్నడు."

"లేదు బిడ్డా, 'ఓడిపోయిన' అన్నడు. నేను సూసిన గద."

నేను దగ్గాను. దగ్గు ఎవరికి వినిపించాలి? నిఖిత నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

ఆ పిల్ల లేచి, పుస్తకం అల్మారాలో పెట్టేదానిలా అతని వెనక్కి వెళ్లింది. "బాపు" అంది. మళ్లీ గట్టిగా పిలిచింది. ఆ పిలుపుకు భాను భార్య రోజారాణి వంటింట్లోంచి పరుగున వచ్చింది. భాను మాత్రం నా వైపు తిరిగి ఆ ఖాళీ పేజీ గురించే చెబుతున్నాడు.

రోజారాణి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. నిఖిత మెల్లగా ముందుకొచ్చి బాపు ఎదుట కూర్చుంది. కళ్లనిండా నీళ్లు. బాపు అంటే ఆ పిల్లకు ఎంత ప్రేమో నాకు తెలుసు. ఏం మాట్లాడాలో, ఎట్లా మాట్లాడాలో తెలియక, అయిదు వేళ్లూ కూడదీసి నోటి దగ్గర పెట్టుకుని చూపించింది. పెదవులు కదపలేదు.

భాను ఆ చేతి వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత లేచి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.